చప్టా దాటిన పెళ్ళికారు

నెల్లూరు జిల్లా సముద్రతీరానికి మేం వెళ్ళింది గుళ్ళు చూడటానికో, పక్షులు చూడటానికో కాదు. ఒక కారు కొనడానికి. వెళ్ళేముందు అది రెండు రోజుల పని అనుకున్నాం. తిరిగివచ్చి ఇన్నాళ్ళయినా, గట్టిగా వాన పడితే నా చేతులు వాటంతటవే బిగుసుకుంటున్నాయి.

మా తమ్ముడు రవికి పాత కార్లంటే పిచ్చి. హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇప్పటికే రెండున్నాయి. ఒకటి నడుస్తుంది. రెండోది కూడా నడుస్తుందని వాడి నమ్మకం. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటాను. కార్ల గురించి నాకు తెలిసింది ఎక్కడం, దిగడం. కార్తీకమాసంలో ఒకరోజు కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చి కూర్చుంటే, వాడు తన ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. వెన్న రంగు కారు. పడవలాగా పొడుగ్గా ఉంది. గుడ్డతో చేసిన పైకప్పు వెనక్కి మడిచి ఉంది. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, ముందు రెండు పెద్ద గుండ్రటి దీపాలు.

"అక్కా, గిసొంటియి దేశం మొత్తంల అయిదో ఆరో ఉంటయి గంతే. మూడు తరాల సంది ఒక్కటే ఇంట్ల ఉన్నది. ఇప్పుడు అమ్ముతున్నరు" అన్నాడు.

"అయితే పోయి కొనుక్కో."

"అమ్మెటామె నాతోటి మాట్లాడనంటున్నది. ఇంట్ల ఆడమనిషిని తీస్కొని రమ్మంటున్నది."

అలా బయలుదేరాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని టీవీలో చెబుతూనే ఉన్నారు. అది తమిళనాడు వైపు పోతుందన్నారు. మేం నమ్మాం.

గూడూరు

తెల్లవారుతుండగా రైలు దిగాం. ఊళ్ళోకి అడుగుపెడితే ముందు తగిలేది నిమ్మకాయల వాసన. మా దగ్గర నిమ్మకాయలు కూరగాయల బండి మీద ఓ మూల కుప్పగా ఉంటాయి, లెక్కపెట్టి అమ్ముతారు. ఇక్కడ బస్తాలు, లారీలు. చెట్టు మీద కాయ ఉండగానే దాని ధర గురించి మాట్లాడుకునే ఊరు. మార్కెట్టు దగ్గర ఓ హోటల్లో కారం దోసె తిన్నాం. ఎర్రకారం పట్టించి, మీద పప్పులపొడి చల్లి ఇచ్చారు. ముప్పై రూపాయలు. కారం మాకు కొత్త కాదు గానీ ఆ వెల్లుల్లి ఘాటుకు రవి కళ్ళు తుడుచుకున్నాడు.

హోటలాయన మమ్మల్ని చూసి, "యాడికి పోతారమ్మా?" అన్నాడు. కోట దాటి తీరం వైపు అని చెప్పాను.

"ఈయాళా?" అని వీధిలోకి వంగి ఆకాశం వంక చూశాడు. "ఏం పని మీద?"

రవి ఫొటో చూపించాడు. ఆయన ముఖం విప్పారింది. "పెళ్ళికారు! మా అన్న పెళ్ళికి దీంట్లోనే ఊరేగించినాం. ఈ చుట్టుపక్కల ఏ కులమోళ్ళయినా, ఏ మతమోళ్ళయినా పెళ్ళికూతురు దీంట్లో పోవాలనే అనుకునేది." అంతలోనే ఫోను వెనక్కి ఇచ్చేస్తూ గొంతు తగ్గించాడు. "కానీ అది మీకు రాదు సార్. అక్క అమ్ముతానంటాది, తమ్ముడు చంపినా ఒప్పుకోడు. ముందర మద్రాసోళ్ళు వచ్చినారు. ఒట్టి చేతుల్తోనే పోయినారు."

తమ్ముడి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. రవి దోసె సగంలో వదిలేశాడు.

సరుగుడు తోటల అవతల

గూడూరులో ఒక కారు అద్దెకు తీసుకుని రవి తానే నడిపాడు. కోట దాటాక వరిపొలాలు, తర్వాత రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. ఆ తర్వాత ఉప్పుకాలువ ఒకటి అడ్డం వచ్చింది. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది. అంటే నీళ్ళకు జానెడు ఎత్తున వేసిన సిమెంటు బాట. అంచుల్లో సున్నం కొట్టిన చిన్న రాళ్ళు తప్ప గోడలేమీ లేవు. దాని మీద వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు నిశ్చలంగా, నల్లగా కనిపించాయి. ఆ చప్టా దాటితే సరుగుడు తోటలు, వాటి అవతల సముద్రం. మధ్యలో ఓ చిన్న పాళెం. ఆ ఊరి పేరు రాయవద్దని ఆ ఇంటివాళ్ళు కోరారు కాబట్టి రాయడం లేదు.

సుగుణమ్మ గారికి అరవై అయిదు దాటి ఉంటాయి. తెల్లచీర, బిగించి కట్టిన ముడి, తిన్నగా నిలబడే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ తాత గూడూరు చుట్టుపక్కల మైకా వ్యాపారం చేసే రోజుల్లో, దేశం వదిలి పోతున్న ఒక తెల్లదొర దగ్గర ఆ కారు కొన్నాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈమెకూ ఈమె తమ్ముడికీ వచ్చింది.

ముందు భోజనం పెట్టింది. ఎండు మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. నిన్న వండి ఇవాళ వడ్డిస్తే అది గౌరవమట. మా ఇంట్లో నిన్నటి కూర చుట్టానికి పెడితే అమ్మ కొట్టేది. తింటే తెలిసింది ఎందుకు గౌరవమో. వడ్డిస్తూ ఆమె ఎడమ పక్కనున్న మంచినీళ్ళ చెంబుకు చెయ్యి తగిలించింది. చెంబు దొర్లిపోయింది. "చెయ్యి అదుపు తప్పతా ఉండాది" అని నవ్వేసింది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

భోజనం అయ్యాక రవిని వరండాలో కూర్చోమని నన్ను లోపలికి పిలిచింది.

"మగోళ్ళు వస్తే ఇంజను గురించి చెప్తారు. ఆ మనిషి ఎట్టాంటోడో చెప్పాలంటే ఇంట్లో ఆడది రావాల. నీ తమ్ముడు కోపిష్టోడా లలితమ్మా?"

"కోపం వస్తుంది. కానీ తొందరగా పోతుంది."

"వస్తువు విరిగితే ఏం చేస్తాడు? తిడతాడా, బాగు చేస్తాడా?"

"తిడుతూ బాగు చేస్తాడు."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి సూటిగా చూసింది. "సరే. పదండి, చూద్దురు గాని."

షెడ్డు ఇంటికి సముద్రం వైపున ఉంది. తలుపు తీసేసరికి రవి గడప దగ్గరే నిలబడిపోయాడు. ఫొటోలో కనిపించనిది దాని పొడవు. ఈ మూల నుంచి ఆ మూలకు షెడ్డంతా అదే. కానీ చక్రాల పైన, తలుపుల అంచున తుప్పు పొక్కులు పొక్కులుగా లేచింది. పైకప్పు గుడ్డ చీలికలై, దాని ఇనుప చట్రం వెనక్కి బిగుసుకుపోయి ఉంది.

"ఉప్పుగాలి" అంది సుగుణమ్మ. "రోజూ తుడుస్తా. అయినా తింటానే ఉండాది."

రవి లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను గొణిగింది గానీ అంటుకోలేదు. ముందుమూత ఎత్తి చూసి, "అమ్మా, దీంట్ల రోటరు లేదు" అన్నాడు. ఇంజనులో నిప్పురవ్వను అన్ని గదులకూ పంచే చిన్న ముక్క అది. అరచేతిలో దాగిపోతుంది. అది లేకపోతే ఇంత కారూ ఇనుపముద్దే.

ఆమె ముఖం మాడిపోయింది. "ప్రభా పని. మొన్న వచ్చినప్పుడు షెడ్డులో కాసేపు కూర్చుంటానన్నాడు. నేను నమ్మినా."

తమ్ముడు ప్రభాకరం బోగోలులో ఉంటాడు. స్టేషనరీ కొట్టు. కారు అమ్ముతానని ఆమె అన్నరోజు నుంచీ అక్కాతమ్ముళ్ళకు సరిగ్గా మాటల్లేవు.

ఫోను చేద్దామన్నాను. "చెయ్యను. వాడి కాళ్ళు పట్టుకుని కారు అమ్ముకునే గతి నాకు పట్టలేదు" అని తలుపు వేసేసింది.

గాలి మారింది

ఆ రాత్రి ఆమె ఇంట్లోనే పడుకున్నాం. మర్నాడు లేచేసరికి సముద్రం చప్పుడు వేరుగా ఉంది. ముందురోజు అలకూ అలకూ మధ్య నిశ్శబ్దం ఉండేది. ఇప్పుడది లేదు. ఏదో పెద్ద లారీ దూరంగా నిలబడి ఇంజను ఆపకుండా ఉన్నట్టు ఒకటే హోరు. ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది.

పక్కింటి మస్తాన్ వచ్చాడు. ఊళ్ళో దర్జీ. ఆ కారు పైకప్పు గుడ్డ ఒకప్పుడు కుట్టింది వాళ్ళ నాన్నేనట. "అక్కా, తుపాను ఈ పక్కకే మళ్ళిందంట. అధికారులు చెప్తా పోతాండారు. సాయంత్రం లోపల అందరూ కోట బడికి పోవాలంట. మా అమ్మని ఎట్టా తీసుకుపోయేది?"

"మా కారు ఉంది గదా" అన్నాడు రవి.

సుగుణమ్మ మాత్రం కదల్లేదు. "నీళ్ళు వస్తే ముందు వచ్చేది షెడ్డులోకే. ఉప్పునీళ్ళు ఒక్కసారి ఇంజనులోకి పోయినాయంటే అయిపోయినట్టే. కారు కదిల్తేనే నేను కదిలేది."

ట్రాక్టరు దొరికితే కట్టి లాగొచ్చు. ట్రాక్టర్లన్నీ రొయ్యల గుంటల మీది మోటార్లు మోస్తున్నాయి. రవి అద్దె కారుకే తాడు కట్టి లాగాడు. పెళ్ళికారు షెడ్డు గడప దాటి నాలుగు బారలు వచ్చింది. అంతలో అద్దె కారు వెనక చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. గోనెసంచులు వేశాం, చక్రాల కింద కొబ్బరి మట్టలు దోపాం. నేనూ మస్తానూ వెనక నుంచి తోశాం. చక్రం తిరిగి నా చీరంతా బురద చిమ్మింది. మా కారు బయటపడింది గానీ తాడు తెగింది. రెండోసారి ప్రయత్నిస్తే ఆ కారు కూడా పోతుందని రవి భయపడ్డాడు.

అప్పటికి సన్నటి వాన మొదలైంది. పైకప్పులేని ఆ కారు వాకిట్లో తడుస్తూ నిలబడింది. సుగుణమ్మ గొడుగు వేసుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. ఇక అక్కడి నుంచి లేవలేదు.

నేను మస్తాన్‌ను పక్కకు పిలిచి ప్రభాకరం నంబరు అడిగి ఫోను చేశాను.

"ఎవరు?"

చెప్పాను. కారు కొనడానికి వచ్చినవాళ్ళమనీ, తుపాను మళ్ళిందనీ, మీ అక్క కారు దిగనంటోందనీ.

"అమ్మేటప్పుడు గుర్తు రాని తమ్ముడు ఇప్పుడు గుర్తొచ్చినాడా?" అన్నాడాయన. గొంతు చాలా మెత్తగా ఉంది. అదే నన్ను భయపెట్టింది.

"కారు కోసం కాదండీ. ఆమె లేవడం లేదు."

అవతల ఏదో అన్నాడు. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఎవరికీ సిగ్నలు లేదు. ఆయన విన్నాడో లేదో, వస్తాడో రాడో తెలియదు. బోగోలు ఎక్కడ, ఇక్కడెక్కడ. మధ్యలో నెల్లూరు.

మధ్యాహ్నం అధికారుల జీపు రెండోసారి వచ్చింది. అందులోని ఉద్యోగి దిగి సుగుణమ్మ మీద అరిచాడు. "ఏమ్మా, ఈ ఇనప్పెట్టె కోసరం ప్రాణం పోగొట్టుకుంటావా? చప్టా మీదికి నీళ్ళు వచ్చేసినాయి. ఇంకాసేపుంటే జీపు కూడా రాదు." ఆమె స్టీరింగు వదల్లేదు. మస్తాన్ చేతులు కట్టుకుని, "అక్క రాకపోతే మేం పోము సార్" అన్నాడు. జీపు తిరిగిపోయింది. అతని ముసలితల్లి మా కారులో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. రవి నా చెవిలో, "అక్కా, మనం ఈమెను ఎత్తుకపోదాం. కారు గీరు నాకొద్దు" అన్నాడు. పదిహేనేళ్ళుగా అలాంటి కారు కోసం కలలు కన్నవాడు.

మేం ఇద్దరం ఆమె వైపు అడుగు వేశాం. అప్పుడే సరుగుడు తోటల మధ్య నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. వెనక తొట్టిలో ఒక మనిషి కూర్చున్నాడు. తలకు తువ్వాలు చుట్టి ఉంది. దిగేటప్పుడు ఎడమకాలిని చేత్తో పట్టి దించుకున్నాడు. ఆ కాలు సన్నగా, కట్టెపుల్లలా ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. ఆయన్ని దించి, నీళ్ళు ఇంకా పెరగకముందే దాటాలని ట్రాక్టరు వెంటనే వెనక్కి మళ్ళింది.

బోగోలు నుంచి కోట దాకా తన మూడుచక్రాల స్కూటరు మీద ఆ వానలో వచ్చాడు ప్రభాకరం. చప్టా మీద స్కూటరు పోదని తెలిసి కోటలో వదిలి ట్రాక్టరెక్కాడు.

అక్కవైపు చూడలేదు. కుంటుకుంటూ వచ్చి ముందుమూత ఎత్తాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, అందులోంచి ఆ ముక్క. రవి టార్చి పట్టుకున్నాడు. రోటరు అమిరాక ఆయన ఆ కవరునే దాని మూతకు చుట్టి దారంతో కట్టాడు.

"కొట్టు" అన్నాడు. అదొక్కటే మాట.

సుగుణమ్మ తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆగింది. మూడోసారి లోతుగా, గుండెలోంచి వచ్చినట్టు పలికింది. మస్తాన్ "బిస్మిల్లా" అన్నాడు.

చప్టా

రవి తాను నడుపుతానన్నాడు. సుగుణమ్మ ఒప్పుకోలేదు. "దీని క్లచ్చి నీ కాలికి తెలవదు. మధ్యలో ఆగిందంటే మళ్ళా లేవదు. నువ్వు ముందు పో. ఆ గట్టు మీద నిలబడి దీపాలు నా పక్కకి పెట్టు." అది న్యాయమైన మాటే. ప్రభాకరం కాలికి ఆ క్లచ్చి నొక్కే బలం లేదు. మస్తాన్ కుటుంబాన్ని ఎక్కించుకుని రవి ముందు వెళ్ళాడు. పెళ్ళికారులో ముందుసీట్లో ఆమె పక్కన తమ్ముడు, వెనక నేను. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు.

పైకప్పు లేదు. వాన నేరుగా మా మీదే. నేను వెనకసీట్లో మోకాళ్ళ మీద నిలబడి ఆమె తల మీదుగా టార్పాలిను పట్టుకున్నాను. గాలికి అది చేతుల్లోంచి లాక్కుపోతోంది. ఆ చలిలో కూడా తోలు సీటు నుంచి పాత అగరువత్తుల వాసన, ఎవరెవరి పెళ్ళిళ్ళవో.

చప్టా దగ్గరికి వచ్చేసరికి చప్టా లేదు. నీళ్ళున్నాయి. ముందురోజు నిశ్చలంగా ఉన్న కాలువ ఇప్పుడు సముద్రం తోస్తుంటే ఎగువకు పారుతోంది. కుడి నుంచి ఎడమకు. తెల్లటి రాళ్ళ తలలు మాత్రం అక్కడక్కడా తేలుతున్నాయి. రవి కారు ముందు దిగింది. నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి. మెల్లగా, చాలా మెల్లగా అవతలికి ఎక్కింది. తిరిగి నిలబడి దీపాలు వేశాడు.

సుగుణమ్మ మొదటి గేరు వేసి, ఇంజనును బాగా రేపి, నీళ్ళలోకి దింపింది. ముందుభాగం అంత పొడుగు కదా, దాని అవతల ఏముందో వెనక నుంచి నాకు కనపడదు. నీళ్ళు తలుపును కొడుతున్న చప్పుడు. తర్వాత కాళ్ళ కింద చల్లగా తగిలింది. నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

"ప్రభా" అందామె. "ఎడం పక్క రాయి ఎంత దూరముండాది?"

"నువ్వే చూడు."

"చెప్పరా."

"కళ్ళు లేవా నీకు?"

"లేవు" అంది సుగుణమ్మ. గొంతు మారలేదు. చేతులు స్టీరింగు మీద నుంచి కదల్లేదు. "ఎదురుగా ఆ దీపాలు కనపడతా ఉండాయి. పక్కలు కనపడవు. ఎడం పక్క బొత్తిగా లేదు. చెప్పు."

నా చేతుల్లోని టార్పాలిను జారింది. మళ్ళీ పట్టుకున్నాను. ప్రభాకరం ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. ఏం ఆలోచించాడో నాకు తెలియదు. తర్వాత తలుపు మీదుగా బయటికి సగం వంగాడు.

"జానెడు" అన్నాడు. "జానెడే ఉండాది. కుడికి తిప్పు. ఇంకా. చాలు చాలు, నిదానం... తిన్నగా పోనీ."

ప్రవాహం బండిని ఎడమకు నెడుతోంది. వెనకభాగం ఒకసారి పక్కకు జరిగింది. కింద ఏదో గరగరమంది. చక్రం రాయిని ఒరుసుకుంది.

"కుడికక్కా! కుడికి!"

ఆమె తిప్పింది. ఇంజను గొంతు ఒకసారి పడిపోయింది. ఆమె పాదం నొక్కింది. మళ్ళీ లేచింది.

"వదలబాకు" అంటున్నాడు ఆయన. "వదలబాకక్కా. మూరెడు వచ్చింది. బాగుంది. అట్టనే. ఇంక రెండు రాళ్ళు... ఒకటి... ఎక్కినాం. ఎక్కినాం అక్కా."

ముందుభాగం పైకి లేచింది. నీళ్ళు నా పాదాల మీదుగా వెనక్కి పారాయి. రవి దీపాల వెలుగు మా ముఖాల మీద పడింది. ఆమె బండిని గట్టు మీద నిలిపింది గానీ ఇంజను ఆపలేదు.

ప్రభాకరం తడిసిన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ముందు బడికి పోదాం. మస్తాన్ వాళ్ళమ్మకి చలి పెడతా ఉండాది" అంది.

అక్కడి నుంచి రవి కారు వెనకే, దాని ఎర్రదీపాలను పట్టుకుని నడిపింది. ప్రభాకరం బడి దాకా ఎడమ పక్క ఏముందో చెబుతూనే ఉన్నాడు. గేదె ఉంటే గేదె అన్నాడు, గుంత ఉంటే గుంత అన్నాడు.

కోట బడి

బడి గదులన్నీ జనం. ఏడో తరగతి గదిలో బల్లలు పక్కకు జరిపి మాకు చోటిచ్చారు. అన్నం, సాంబారు వడ్డించారు. మా వైపైతే ఇలాంటి సమయంలో పులిహోర పొట్లాలు కడతారు. వేడి సాంబారే మేలనిపించింది. కారును వరండా పక్కన ఎత్తుమీద నిలిపాం. వానలోనే దాని చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఒకావిడ తలుపు మీద చెయ్యేసి, "నేను అత్తగారింటికి పోయింది దీంట్లోనే. అప్పుడు ఏడిస్తే సుగుణక్క వెనక్కి తిరిగి, దిగిపోతావా అని అడిగింది" అంది. ఆ గదిలో అందరూ నవ్వారు. పొద్దుటి నుంచీ మేం విన్న మొదటి నవ్వు అది.

సుగుణమ్మకు నీటికాసుల జబ్బు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పక్కల నుంచి హరించుకుపోతుంది. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చీకటి పడుతున్న వరండాలో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పక్కనే చీర పిండుకుంటున్నాను. వినకూడదనుకున్నాను, విన్నాను.

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు నా మీద జాలితో ఒప్పుకుంటావు. నాకు అది వద్దు. కోపంతో ఒప్పుకున్నా సరేగానీ."

"నాయన నీకు తోలడం నేర్పించినాడు. నన్ను వెనక కూచోబెట్టినాడు. నాది అనేదానికి ఆ సీటొకటే మిగిలింది. అది కూడా అమ్ముతానంటివి."

ఆమె అంది: "నేనింక తోలలేను. నువ్వు తోలలేవు. మనిద్దరం చూస్తా ఉండగానే ఉప్పు దాన్ని తినేస్తా ఉండాది. ఎవుడన్నా తోలేవాడి దగ్గరుంటే బతుకుతాది."

ఆయన లేచి, టార్పాలిను తెచ్చి కారు వెనకసీటు మీద కప్పాడు.

రవి అదే సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మా, కారు మీరే ఉంచుకోండ్రి. నేను ఇంకోటి చూసుకుంట" అన్నాడు. మనసారానే అన్నాడు. ఆమె మండిపడింది. "జాలిపడి వదిలేసి పోతావా? రేపు ఇంకోడు వస్తాడు. రంగు మార్చి హోటలు ముందర బొమ్మలాగా నిలబెడతాడు. అప్పుడు నీకు పుణ్యం వస్తాదా?"

ఆ రాత్రి గాలి బడి తలుపులను ఊపుతూనే ఉంది. తెల్లారేసరికి తగ్గింది. తుపాను ఇంకా దక్షిణాన తీరం దాటిందన్నారు. పాళెం నుంచి వచ్చినవాళ్ళు, ఇళ్ళు నిలిచాయనీ, షెడ్డులో మాత్రం నడుములోతు నీళ్ళు నిలిచాయనీ చెప్పారు.

ప్రభాకరం రవి దగ్గరికి వచ్చాడు. "తీసుకుపోండి సార్" అన్నాడు. కాగితాల మీద ముందు ఆయనే సంతకం పెట్టాడు. అక్క చెయ్యి పట్టుకుని, గీత ఎక్కడుందో చూపించి, ఆమె చేత పెట్టించాడు.

మళ్ళీ గూడూరు

కారును హనుమకొండకు తీసుకుపోవడానికి గూడూరులో లారీ మాట్లాడాం. కోట నుంచి అక్కడిదాకా రవి నడిపాడు. సుగుణమ్మ పక్కన కూర్చుని, "క్లచ్చి అట్టా తొక్కబాకు, నిదానంగా వదులు" అని దారిపొడుగునా తిట్టింది. ప్రభాకరం తన స్కూటరు మీద వెనక వచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఆయన ఆమెను నెల్లూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని మాట్లాడుకున్నారు.

నిమ్మకాయల మార్కెట్టు మూతపడి ఉంది. వాన నీళ్ళలో నిమ్మకాయలు తేలుతున్నాయి. లారీ దగ్గరికి ఆమె రాలేదు. "చూడలేనిదాన్ని, వచ్చి ఏం చేసేది?" అని హోటలు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఇడ్లీ చెప్పాను. తినలేదు.

రోడ్డు అవతల రవీ, లారీవాళ్ళూ బల్లలు వేసి కారును పైకి ఎక్కించారు. ప్రభాకరం లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కో తాడునూ గుంజి చూస్తున్నాడు. అన్నీ చూశాక మొదటి తాడు దగ్గరికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. లారీ కదిలింది.

"పోయిందా?" అంది సుగుణమ్మ.

"పోతోందమ్మా."

"ప్రభా ఏడుస్తా ఉండాడా?"

చూశాను. రోడ్డు మధ్యలో నిలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"లేదు" అన్నాను.

"అబద్ధమాడొద్దు తల్లీ. నన్ను వాడి దగ్గరికి తీసుకుపో."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. ఆమె తడుముకుని తమ్ముడి భుజం పట్టుకుంది. కారు మాట ఎత్తలేదు.

"పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నావంట్రా?"

"లేదక్కా."

"పద. ఇడ్లీ చల్లారిపోతాది."

ఆయన ఆమె చేతిని తన మోచేతిలోకి తీసుకున్నాడు. ఆయన కుంటుతూ, ఆమె తడుముకుంటూ, ఇద్దరూ నీళ్ళ గుంటలు తప్పించుకుంటూ హోటలు వైపు నడిచారు.